హాజరు పట్టీలో లేని ఇద్దరు

మొన్న సోమవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు గాజువాకలో మా ఇంటికి ఒక పుస్తకం వచ్చింది. కట్ట విప్పగానే కొత్త సిరా వాసన కొట్టింది. అప్పన్న బావ పనిచేసిన సరిహద్దు దళం చరిత్ర అది. ఆయన పోయి రెండేళ్లయింది. ఆయన సంగతులు రాసి పంపినవాణ్ణి కనుక నా పేరున పంపారు.

నేను ఆటోనగర్‌లో వెల్డర్ని. యాభై రెండేళ్లు వచ్చేదాకా నాకు అక్షరం రాదు. పక్కింటి అప్పన్న బావ ఈశాన్యపు కొండల్లో, గిరిజన గూడేల మధ్య ఇరవై ఏళ్లు కాపలా కాసిన హవల్దారు. పాత జవాన్లు తాము కాపలా కాసిన పోస్టుల సంగతులు రాసి పంపాలని దళం ఉత్తరం వేసేనాటికి షుగరు ఆయన చూపును తినేస్తోంది.

"నువ్వే రాయాలి బావా," అన్నాడు.

"నానా? నాకు ఓనమాలే రావు. మీ మనవరాలు కాలేజీలో సదువుతంది కదేటి?"

"అది నా మాటలకి సోకులు సేత్తది. నువ్వయితే సెప్పింది సెప్పినట్టు రాత్తావు. సూపున్నంతలో నేర్పుతాను, కూకో."

ఇనుప రేకు మీద సుద్దముక్కతో నేర్పాడు. నేను సుద్ద కింద పెట్టేస్తే, "ఇనుముకి బయపడనోడివి, అక్షరానికి బయపడతావేటి?" అని వెక్కిరించేవాడు. ఏడాది పట్టింది.

ఆ కొండల్లో వాళ్లు ఒక వాగు దాటిన రోజు గురించి రాసేటప్పుడు తప్పు చేశాను. ఆ రోజు జ్వరంతో పడిపోయిన ఆయనను, సామాన్లు మోసే ఇద్దరు గిరిజనులు వంతులవారీగా వీపున మోసి అవతలి గట్టున దించారు. మిగిలిన మూటల కోసం మళ్లీ నీళ్లలోకి దిగి కొట్టుకుపోయారు. నేను జవాన్ల పేర్లు రాసి, చివర "ఇద్దరు కూలీలు" అని ఊరుకున్నాను. చదివి వినిపించగానే ఆయన కాగితం చింపేశాడు.

"సాయంత్రం హాజరు పిలిసినప్పుడు ఆళ్ల పేర్లూ పిలిసేవోణ్ణి. పట్టీలో లేవు. ఐనా పిలిసేవోణ్ణి. పేరు పిలిత్తే పలికినోడికే వంటశాలలో కంచం. ఆళ్లు కంచం లేనోళ్లేటి?"

మళ్లీ రాశాను, పేర్లతో. మనవరాలు దాన్ని మార్చకుండా హిందీలోకి దించి పంపింది.

ఇప్పుడు ఆ పేజీ ఆమే చదివి చెప్పింది. నాలుగు వరుసలు. జవాన్ల పేర్లన్నీ ఉన్నాయి. ఆఖర్న "ఇద్దరు కూలీలు" అని ఉంది.

మర్నాడే దళానికి ఉత్తరం రాశాను. జవాబు రాకపోతే ఇంకోటి రాస్తాను, దిద్దేదాకా రాస్తాను. ఆయన నాకు అక్షరాలు ఇచ్చింది ఆ పనికే. అందాకా హాజరు నేను పిలుస్తాను. ఆ రోజు వాగు దగ్గర ఉన్నవాళ్లు: హవల్దారు అప్పన్న, జవాన్లు సూర్యం, బీరేన్, మోహన్, థాపా. మోసినవాళ్లు లాల్‌తంగ, రిన్‌సాంగ.