మా ఊబికి పేరు కావాలి

నా నవలలో ఒక ఊబి ఉంది. కొల్లేటి నడుమ, ఏ మ్యాపులోనూ లేని చోట, ఆరు వందల ఎకరాల మేర పరిచాను. నిజం కొల్లేట్లో ఇప్పుడు ఎటు చూసినా చేపల చెరువులే. అసలు సిసలు బురద కావాలంటే నా వంటింటి తూము దగ్గర తప్ప దొరకదు. అందుకని కాగితం మీద ధారాళంగా పోశాను. జమ్ము తాటిచెట్టంత ఎత్తు. దోమ ఒక్కోటి పిచ్చుకంత. కుట్టే ముందు కాస్త జరగమని అడుగుతుంది. ఏనుగు దిగబడితే తొండం కూడా మిగలదు. ఏనుగు అక్కడికెందుకొచ్చిందని అడక్కండి, నవల నాది.

అన్నీ అమరాయి గానీ దానికి పేరు లేదు. నూట ఎనభై పేజీల పాటు 'అది' అనే రాసుకుంటూ వచ్చాను. పేర్లు పెట్టడం చేతకాక కాదు. పెట్టిన పేరు విని, బాగుందో లేదో చెప్పేవాడు నాకు ఈ భూమ్మీద ఒక్కడే. వాడికి మాట పడిపోయింది.

వాడు తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల హోల్‌సేల్ వ్యాపారి. ఏలూరు కాలేజీలో నా బెంచీవాడు. మార్కెట్లో వాడు వేలం పాట ఎత్తుకుంటే భీమడోలులో ప్యాసింజరు బండి తనని పిలిచారనుకుని ఆగిపోయేదని ప్రతీతి. ఆ ప్రతీతి పుట్టించింది నేనే. రోజూ సాయంత్రం కొట్టు కట్టేశాక ఫోను చేసేవాడు. ఆ రోజు నేను కల్పించిన ఊళ్ళ పేర్లూ కాలవల పేర్లూ వినిపిస్తే, బస్తాలోంచి కుళ్ళుపాయలు ఏరేసినట్టు ఏరేసేవాడు.

ఈ ఊబికి మొదట 'ఘోరపర్ర' అని పెట్టాను. పర్ర అంటే మా వైపు నీళ్ళు నిలిచిపోయే పనికిమాలిన నేల.

"ఎవడు పెట్టాడ్రా ఆ పేరు?" అన్నాడు ఫోనులో.

"నేనే."

"నువ్వు సరే, కథలో ఎవడు పెట్టాడు? దాని పక్కన కాపరం ఉండేవాడు దాన్ని ఘోరం అంటాడా? పొద్దున్నే చెంబు పట్టుకుని వెళ్ళేది అక్కడికే కదా."

"పాఠకుడికి భయం వెయ్యాలి కదరా."

"భయం వెయ్యట్లేదు, జలుబు చేసేలా ఉంది. మార్చు."

తర్వాతి వారం వాడికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ, మాటా రెండూ ఒకేసారి పోయాయి.

నేను ఏలూరులో ఒంటరిగా ఉంటాను. పెళ్ళి అనే శాఖకి దరఖాస్తు పెట్టుకోలేదు. ఇంటి జనాభా నేనూ, రెండు బల్లులూ, కటకటలాడే ఫ్యానూ. వాడి ఫోను ఆగిపోయాక సాయంత్రం ఏడున్నర ఎంత పొడుగైపోయిందంటే, అందులో రెండుసార్లు వండుకు తిన్నా గడియారం ఏడూ ముప్పై రెండు దాటేది కాదు. ఒకరోజు సిమ్‌కార్డు కంపెనీ అమ్మాయి ఫోను చేస్తే ఆవిడకే మూడు పేర్లు వినిపించాను. ఓపిగ్గా విని "థాంక్యూ సర్" అంది. ఏది బాగుందో మాత్రం చెప్పలేదు.

రెండు నెలలయ్యాక వాడి భార్య ఫోను చేసింది.

"మాటలు నేర్పడానికొచ్చినాయన ఆవు బొమ్మ, అరటిపండు బొమ్మ చూపించి పలకమంటున్నాడు అన్నయ్యగారూ. చిన్నపిల్లాణ్ణి చేశారని ఈయనకి కోపం. గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. ఇప్పుడు పలికించకపోతే ఇంక మాట రాదన్నారండి డాక్టరుగారు. మీరోసారి వస్తారా?"

గురువారం పదకొండు పేర్లు రాసుకుని రైలెక్కాను. కొట్టు వెనక గదిలో మంచం మీద ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. నేను అతిశయోక్తులు చెప్పేవాణ్ణే గానీ, ఇది మాత్రం కొలిచి చెబుతున్నాను.

"ఊబికి పేరు కావాలిరా," అని మొదలుపెట్టాను. "కంకాళ రొంపి."

ఎడం చెయ్యి ఈగని తోలినట్టు ఊపాడు.

"నక్కలేడ్చు దిబ్బ."

మళ్ళీ ఈగ. పదకొండు ఈగలూ తోలేశాడు.

"బాగాలేదని నోటితో ఏడవరా," అన్నాను.

దానికీ ఈగనే తోలాడు. కాఫీ తెచ్చిన చెల్లెమ్మ మాత్రం మెల్లగా అంది. "చెయ్యి ఊపారండి. వారం నుంచీ అదీ లేదు."

అప్పట్నుంచి గురువారం గురువారం వెళ్ళాను. మూడోవారానికి తెలిసింది, పెదాలు కలిపే అక్షరాలు వాడికి కొద్దికొద్దిగా వస్తున్నాయని. మ, ప, బ. నాలుక మడతపడాల్సిన ర మాత్రం ససేమిరా. దాంతో నా పర్రలూ రొంపులూ ఘోరాలూ అన్నీ రద్దు. భయపెట్టే పేరు కోసం ఏడాది తపస్సు చేసినవాణ్ణి, వాడి పెదాలకి అందే పేరు కోసం రైల్లో మూతి ఆడించుకుంటూ కూర్చునేవాణ్ణి. మంప, బొంప, పంబ. ఎదుటి సీట్లో చేపలబుట్ట ఆవిడ మనవరాల్ని తీసి అవతలి పక్కన కూర్చోబెట్టుకుంది.

ఆ పేర్లూ వాడికి నచ్చలేదు. 'మంపపాడు' అంటే చెయ్యి ఊపాడు. 'బొమ్మపంపు' అంటే, తడిసిన సరుకు తెచ్చిన రైతుని చూసినట్టు చూశాడు. నాకు ఒళ్ళు మండింది.

"అయితే నువ్వే పెట్టు. నాకు చేతకావట్లేదు. నువ్వు లేకపోతే నాకు పేరు పెట్టడం రాదురా," అన్నాను. పాతికేళ్ళ స్నేహంలో ఈ మాట నేను వాడితో అనడం అదే మొదలు.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

ఆ పై గురువారం నేను కుర్చీ లాక్కుని కూర్చునేలోపే వాడు పెదాలు బిగించాడు. మెడనరాలు తేలాయి. నుదురంతా చెమట.

"మా," అన్నాడు.

గుమ్మంలో చెల్లెమ్మ కాఫీ గ్లాసుతో అలాగే నిలబడిపోయింది. కాఫీ మీద మీగడ కట్టేంతసేపు ఆగాం.

"పమ్మ."

"మాపమ్మా? ఎవరండీ ఆవిడ?" అంది చెల్లెమ్మ. "మా పుట్టింటివైపు ఎవరూ లేరే."

"ఊబి, చెల్లెమ్మా," అన్నాను.

మాపు అంటే సాయంత్రం. చీకటి పడుతుంటే పిల్లల్ని వెనక్కి పిలుచుకోవాల్సిన చోటు. దానికి కోపం రాకుండా అమ్మ అని వరస కలిపాడు. పక్కన కాపరం ఉన్నవాళ్ళు పెట్టుకునే పేరు అది. వాడి ముఖంలో ఎడమవైపు సగం నవ్వింది. కుడి సగం ఇంకా ఆలోచిస్తోంది.

ఆ వారమంతా కూర్చుని 'అది' ఉన్నచోటల్లా మాపమ్మ అని దిద్దాను. ఏనుగు కూడా ఇప్పుడు గౌరవంగా దిగబడింది. హీరో గట్టెక్కాడు, ఇంకో రెండు పేజీల్లో పెళ్ళి. నవల అయిపోయినట్టే.

గురువారం ఊరికే చూసిపోదామని అరటిపళ్ళు పట్టుకుని వెళ్ళాను. వాడు గడ్డం గీయించుకుని, తల దువ్వించుకుని, మంచం దిగి కుర్చీలో ఉన్నాడు. కళ్ళు నా జేబు మీద పెట్టాడు.

"పొద్దుట ఆరింటి నుంచీ ఇలాగే కూర్చున్నారండి," అంది చెల్లెమ్మ. "నిన్నట్నుంచీ మూతి ఆడిస్తూనే ఉన్నారు. ఈవేళ దేనికండీ పేరు?"

నా నవలలో పేరు లేనిది ఇంకేదీ లేదు. హీరో కుక్కకి కూడా పెట్టేశాను.

"దక్షిణాన ఇంకో ఊబి ఉందిరా," అన్నాను. "దీనికంటే పెద్దది. హీరో గట్టెక్కాననుకుంటున్నాడు గానీ, తిన్నగా దాంట్లోకే నడుస్తున్నాడు."

వాడు కళ్ళు మూసుకుని పెదాలు కలిపాడు. మార్కెట్ గోల లోపలికి రాకుండా చెల్లెమ్మ తలుపు దగ్గరగా వేసింది. నేను అరటిపళ్ళు పక్కన పెట్టి, జేబులోంచి కాగితం తీసి మోకాలి మీద పరుచుకున్నాను.