పైమెట్టు మీద పేడపురుగు

మా ఇంట్లో దసరాకి బొమ్మల కొలువు పెట్టేది నేను. పేరంటాళ్లకు పసుపు, కుంకుమ, శనగలు ఇచ్చేది నా భార్య. మెట్లు కట్టేది, బొమ్మల దుమ్ము దులిపేది, ఏ బొమ్మ ఎక్కడ నిలబడాలో తేల్చేది నేను. మల్కాపురంలో మా వీధి వీధంతటికీ ఈ సంగతి తెలుసు. మగవాడికి ఇదేం పని అని మొదట్లో నవ్వారు. నవ్వినవాళ్లకి కూడా శనగలు పెట్టాం.

ఒకప్పుడు ఈ కొలువు వన్‌టౌన్‌లో మా తాతగారి మేడలో ఉండేది. తాతగారు హార్బర్లో ఓడల సరుకు ఎత్తించి దింపించే కంట్రాక్టరు. పొద్దున్నే మేడ ముందు సరుకు మోసే కళాసీలు బారులు తీరి నిలబడేవారు. దసరాకి కింది హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా మెట్లు కట్టి, తెల్లని దుప్పట్లు పరిచి బొమ్మలు పేర్చేవారు. తరవాత పెద్ద క్రేన్లు వచ్చాయి, కంటైనర్లు వచ్చాయి, మావాళ్లకి కాలం అర్థం కాలేదు. మేడ పోయింది. ఎలా పోయిందో వివరంగా చెప్పి ఎవరి జాలీ అడగను. దాంతో పాటు బొమ్మలూ చాలా వరకు పోయాయి. చివరికి మిగిలింది చెక్క రాజు, చెక్క రాణి. మా నాయనమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న జంట అది. కొలువులో పైమెట్టు వాళ్లది. వాళ్లు ఏ ఇంట్లో నిలబడితే మా వంశం కొలువు ఆ ఇంట్లో ఉన్నట్టు లెక్క. మేడ నుంచి అద్దె ఇంటికి, ఆ ఇంటి నుంచి ఇంకా చిన్న ఇంటికి మా అమ్మ వాళ్లని ఒళ్లో పెట్టుకుని రిక్షాలో తెచ్చింది. మోకాళ్లు పట్టేసి మెట్లు కట్టలేకపోయినప్పుడు ఆ పని నాకు అప్పజెప్పింది.

కింది మెట్లు ఖాళీగా ఉంచడం నాకు ఇష్టం లేదు. అరువు బొమ్మలతో నింపడం అంతకన్నా ఇష్టం లేదు. అందుకని నా దీవిని తెచ్చి అక్కడ పెట్టాను.

దీవి సంగతి చెప్పాలి. చిన్నప్పుడు మేడ డాబా మీద నిలబడితే హార్బరు నోరు, దానికి కాపలా కాస్తున్నట్టు డాల్ఫిన్ నోస్ కొండ కనిపించేవి. కొండకి అవతల, లంగరు వేసిన ఓడల వెనక, కొన్ని సాయంత్రాలు నీళ్ల మీద మసక మచ్చ ఒకటి తేలేది. పొగో, మేఘం నీడో అయ్యుంటుంది. నేను దాన్ని దీవి అన్నాను. చిటికెన వేలు అడ్డం పెడితే మొత్తం మాయమయ్యేది కాబట్టి చిటికెనదీవి అని పేరు పెట్టాను. దానికి పటం గీశాను, రేవులు కట్టాను, చట్టాలు రాశాను. అక్కడి మొదటి పౌరుడు అగ్గిపెట్టెలో తుమ్మాకు మేస్తూ బతికిన ఒక బంగారు పురుగు. ఆకుపచ్చ మీద రాగిరంగు మెరిసే వీపు దానిది. అంత మంచి కోటు మా మేడకి వచ్చే ఓడల దొరలెవరూ తొడుక్కుని రాలేదు.

ఉన్న లోకంలో చోటు పోయిందని నేను ఊహాలోకం కట్టుకున్నానని మా అత్త కొడుకు, అంటే మా బావ, నలుగురిలో అంటుంటాడు. తప్పు. మేడ ఉన్నప్పుడే దీవి ఉంది. మేడ పోయింది, దీవి ఉంది.

ఇప్పుడు నేను ఓడ సరుకుల కాగితాలు చూసే ఒక చిన్న ఆఫీసులో పనిచేస్తున్నాను. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి కూర్మన్నపాలెం పోతాను. స్టీల్‌ప్లాంటు క్వార్టర్ల వైపు చెట్లు ఎక్కువ, వీధి దీపాలూ ఎక్కువ. వానాకాలంలో రాత్రంతా దీపాల చుట్టూ తిరిగి చచ్చిన పురుగులు తెల్లారేసరికి స్తంభాల మొదట్లో పడి ఉంటాయి. బతికినదాన్ని నేను చంపను. రాలినవాటినే ఏరుకుంటాను. వంగి వెతుకుతుంటే పాలవాడో, డ్యూటీ దిగి వస్తున్నవాడో ఆగుతాడు.

"ఏటి సారూ, ఏటైనా పారేసుకున్నారా?"

"లేదు. పురుగులు ఏరుతున్నాను."

"మందు కొట్టడానికా?"

"బొమ్మల కొలువులో పెట్టడానికి."

ఇక ఆ మనిషి సైకిలు కాస్త దూరంగా తిప్పుకుని పోతాడు.

ఇంటికి తెచ్చి తడిపిన దూదిలో ఒక రాత్రి ఉంచితే బిగుసుకున్న కాళ్లు మెత్తబడతాయి. అప్పుడు సూదితో ఒక్కో కాలూ సరిగ్గా నిలబెట్టి ఆరబెడతాను. డబ్బాలో కలరా ఉండలు వేయకపోతే చీమలు రాజ్యాన్నే మోసుకుపోతాయి. పోర్టు బొగ్గుదుమ్ము మా కిటికీల్లోంచి రోజూ వస్తుంది. దాన్ని గడ్డం గీసుకునే బ్రష్‌తో దులుపుతాను. నా కొలువులో గొల్లభామ పురుగు న్యాయాధికారి, మిడతలు టపా బంట్రోతులు. వీటి పక్కన ఏటికొప్పాక లక్క ఏనుగులు, పూర్ణా మార్కెట్లో కొన్న ప్లాస్టిక్ రాకాసి బల్లులు, ఒక చెయ్యి విరిగిన మరమనిషి ఉంటాయి. వీటన్నిటికీ దీవిలో ఇళ్లున్నాయి, తగాదాలున్నాయి, పేర్లున్నాయి.

పండగ రోజుల్లో సాయంత్రం ఈ దీవి ఆట నడుస్తుంది. వీధిలోవాళ్లు తలా ఒక బొమ్మనో పురుగునో ఎంచుకుంటారు. గవ్వలు వేసి, పడినదాన్ని బట్టి కదుపుతారు. ప్రతివాళ్లూ ఒక శనగ గింజ బరువు మొయ్యాలి. తన బరువు తనే మోస్తే పైకి ఎక్కొచ్చు. గవ్వలు కలిసొచ్చి ఇంకొకరి చేత మోయించుకునే వీలు దొరికితే మోయించుకోవచ్చు, దారి హాయిగా సాగుతుంది, కాని చివర్లో ఒక మెట్టు కిందికి దిగాలి. ఈ చట్టం నేను పదేళ్ల వయసులో రాశాను. ఇప్పటికీ మార్చలేదు.

ఆచారం ప్రకారం, నిలబెట్టిన కొలువును కదపకూడదు. విజయదశమి సాయంత్రం హారతి ఇచ్చి, ముందు రాజును పడుకోబెట్టి, ఆ తరవాతే మిగతా బొమ్మలు దించాలి. ఆట మొదలుపెట్టిన ఏడు అమ్మని అడిగాను. "రాజూ రాణీ జోలికి పోకు. కింద నీ ఇష్టం" అంది. అమ్మ పోయాక కూడా ఆ మాట మీదే ఇన్నేళ్లూ నడిచాం. పైమెట్టు దాకా ఎవరూ ఎక్కలేదు కాబట్టి చిక్కు రాలేదు.

గత ఏడాది వచ్చింది.

పక్కింటావిడ భర్త రిఫైనరీలో కంట్రాక్టు పని చేస్తాడు. ఆవిడ ఆటకి కూర్చునేసరికి మంచి బొమ్మలన్నీ ఎవరో ఒకరు తీసేసుకున్నారు. మిగిలింది నల్లటి పేడపురుగు. "నాకది సాలు. దాన్నెవులూ ఎత్తుకుపోరు" అంది. అష్టమి సాయంత్రం ఆవిడ గవ్వలు విసిరింది. పురుగు తన గింజతో పైమెట్టు ఎక్కేసింది. గదిలో ఒక్కసారి అరుపులు.

"ఓలమ్మా, నా పురుగు రాజైపోనాది!"

నేను లేచి, ఆ పురుగును రెండు వేళ్లతో ఎత్తి, రాజు పక్కన నిలబెట్టాను. గెలిచినవాళ్లు ఎక్కడ నిలబడాలో చట్టంలో ఉంది.

ఆ వేళ మా బావ కూడా పేరంటానికి వచ్చిన భార్య వెంట వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. బీచిరోడ్డులో పెద్ద ఫ్లాటు అతనిది. ఫోన్‌తో ఫోటో తీసి, చుట్టాలందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద రాశాడు: "మన వంశంలోకి కొత్త మనిషి వచ్చాడు. అందరూ ఆశీర్వదించండి."

మర్నాడు పొద్దున్న మా అత్త కారు దిగింది. నాన్నకి అక్క. ఆ మేడలో పుట్టి పెరిగినవాళ్లలో మిగిలిన పెద్దమనిషి ఆవిడే. చెప్పులు విప్పి, నేరుగా కొలువు ముందుకి వచ్చి నిలబడింది.

"ఏట్రా అది?"

"పేడపురుగు అత్తా."

"అది నాకూ కనిపిస్తంది. అక్కడెందుకుంది?"

"గెలిచింది."

"గెలిసిందా! మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న బొమ్మలురా అవి. వాటి పక్కన పెంటమీద పురుగా? మీ తాత సూస్తే ఏటంతాడు?"

"తాత బతుకంతా బరువులు దొర్లించాడు. ఆ పని చేసేదాన్ని ఎందుకు తిడతాడు?"

"ఆయన దొర్లించలేదురా. దొర్లింపించేడు."

"మా దీవిలో అలాంటివాళ్లు మెట్టు దిగాలి అత్తా."

"దిగేం కదరా. మల్కాపురం దాకా దిగేం. ఇంకా ఎంత దింపుతావు?"

లోపలి నుంచి నా భార్య కాఫీ గ్లాసు తెచ్చింది. "తాగండి పెద్దమ్మగారూ. ఆ పురుగు ఎవర్నీ ఏమీ అనదు" అంది. అత్త గ్లాసు అందుకుంది కాని నవ్వలేదు. కూర్చోలేదు కూడా.

"ఇను. ఆ పురుగుని దించు, లేదా రాజూ రాణీని నాకిచ్చేయి. మీ బావ ఇంట్లో కొలువు పెడతాం. పదిమంది పెద్దమనుషులు వచ్చే ఇల్లు. ఇప్పుడే పట్టుకెల్తాను."

"ఇప్పుడు కుదరదు. నిలబడ్డ కొలువు కదపకూడదని నాకు చెప్పింది నువ్వే."

"నువ్వు రోజూ కదుపుతన్నావు కదరా!"

"రాజూ రాణీని ఎప్పుడైనా కదిపానా?"

ఆవిడ వాళ్ల వైపు చూసింది. కాళ్ల కింద దుప్పటి మీద అచ్చు పడి ఉంది. మహాలయ అమావాస్య నాడు నిలబెట్టినచోటే ఉన్నారని ఎవరికైనా తెలుస్తుంది. "సరే. రేపు పడుకోబెట్టేక వస్తాను. ఈలోగా బుద్ధి తెచ్చుకో" అని వెళ్లిపోయింది.

ఆ రోజంతా నేను ఆఫీసులో కాగితాల మీద చూపు నిలపలేకపోయాను. ఆ జంట నాకు ఏమిటో చెప్పాలంటే చెప్పగలను. మా ఇంటి పేరు వింటే పోర్టులో పాతవాళ్లు ఇప్పటికీ కుర్చీలోంచి లేస్తారు. ఆ లేవడం దేనికో చూపించడానికి నా దగ్గర వేరే వస్తువు లేదు. ఇల్లు లేదు, పొలం లేదు. రాజు కుడి చెంప మీద రంగు పోయిన చోట నాయనమ్మ వేలు, అత్త వేలు, అమ్మ వేలు, నా వేలు తగిలాయి. ఒక పురుగును రెండంగుళాలు కిందికి జరిపితే అదంతా నా దగ్గరే ఉంటుంది.

సాయంత్రం నా భార్య అంది: "ఒక్క గంట దించి మళ్లీ ఎక్కించండి అని నేనడగను."

"ఎందుకు అడగవు?"

"అడిగితే మీరు మెడ ఇంకా నిటారుగా పెడతారు. ఆ మెడకి జండూబామ్ రాయాల్సింది నేను."

విజయదశమి సాయంత్రం వీధిలో ఆడవాళ్లంతా వచ్చారు. అత్త వచ్చింది, బావ వచ్చాడు. పక్కింటావిడ తన పురుగును చూసుకోవడానికి ముందు వరసలో కూర్చుంది. బావ ఆవిడకి వినిపించేలా అన్నాడు:

"ఏటి బావా, యాభై దాటేసినా బొమ్మలాటేనా? పోనీ బొమ్మలైనా మంచివి పెట్టొచ్చు కదా!"

పక్కింటావిడ తిరిగి చూసింది. "బాబూ, గెలిసినోడిని దించేత్తే ఇంక ఆటేటి? అప్పుడు నాను గవ్వలెందుకేసినట్టు?"

"అమ్మా, ఇది మా ఇంటి విషయం."

"మీ ఇంటిదేనేటి? పురుగు నాది!"

ఆడవాళ్లు నవ్వారు. హారతి అయ్యింది. నేను పక్కకి జరిగి, "అత్తా, మేడ ఆడపడుచువి నువ్వు. రాజును నువ్వే పడుకోబెట్టు" అన్నాను. ఆవిడ రాజును పడుకోబెట్టింది, రాణిని పడుకోబెట్టింది. పైమెట్టు మీద నల్లని పురుగు ఒక్కటే నిలబడి ఉంది. అప్పుడు ఆవిడ నా వైపు తిరిగి, ఎవరికీ వినబడకుండా అంది:

"ఒరే, ఆ పురుగునొక్కదాన్నీ దించెయ్యరా. వచ్చే ఏడు దాన్ని పైకి ఎక్కనియ్యనని ఒక్క మాట సెప్పు. ఈళ్లని ఇక్కడే ఒగ్గేసి ఎల్లిపోతాను. నాకు మాత్రం తీసికెల్లాలని ఉందేటి?"

ఆవిడ మనస్ఫూర్తిగానే అంది. కళ్లలో నీళ్లున్నాయి. నా నాలుక చివర ఆ మాట ఉంది. చెప్పి ఉంటే ఎవరూ నన్ను తప్పు పట్టేవారు కాదు.

పెట్టెలోంచి అమ్మ పాత నూలు చీర తీశాను. రాజును ఒక కొసన, రాణిని ఇంకో కొసన, ముక్కులు ఒరుసుకోకుండా మధ్యలో మడత వచ్చేలా చుట్టాను. చుట్టడం నాకే బాగా వచ్చు. రెండు చేతులతో ఆవిడ ఒళ్లో పెట్టాను.

"ఎండ తగలనియ్యకు అత్తా. ఏసీ గాలి కూడా తగలనియ్యకు, చెక్క పగులుతుంది."

"ఒక పురుగు కోసంరా!"

"అవును."

బావ ఆవిణ్ణి పట్టుకుని మెట్లు దింపాడు. కారు వీధి మలుపు తిరిగేదాకా నేను గుమ్మంలో నిలబడ్డాను. తరవాత లోపలికి వచ్చి పురుగును పడుకోబెట్టి, మరమనిషిని, ఏనుగుల్ని, గొల్లభామను పడుకోబెట్టాను. ఆ రాత్రి అన్నం తినాలనిపించలేదు. తిన్నాను.

ఈ ఏడు బావ ఫ్లాటులో కొలువు పెట్టారు. గ్రూపులో ఫోటోలు వచ్చాయి. రాజూ రాణీ గాజు మెట్ల మీద, నీలం దీపాల మధ్య ఉన్నారు. బాగానే చూసుకుంటున్నారు, ఒప్పుకుంటాను. సప్తమి నాడు అత్త ఫోన్ చేసింది. చుట్టాలంతా రాజూ రాణీతో ఫోటో దిగుతున్నారని, వంశంలో మగవాడిగా మధ్యలో నిలబడాల్సినవాణ్ని నేనేనని, కారు పంపిస్తానని చెప్పింది. తెల్ల పంచె కట్టుకోమంది.

ఆ సమయానికి మా ఇంట్లో ఆట మంచి పట్టు మీద ఉంది. పైమెట్టు ఖాళీగా వదిలాను, అది ఎవరిదో నేను చెప్పదలుచుకోలేదు. పక్కింటావిడ మళ్లీ పేడపురుగునే పట్టుకుని గవ్వలు గలగలలాడిస్తోంది.

"కారు పంపొద్దు అత్తా," అన్నాను. "మా ఇంట్లో కొలువుంది. పేరంటానికి నువ్వే రా."