నేల మీద పెట్టిన నవల

మా ఆయనగారు యూదుల కాపురం మీద ఒక నవల చదివారు. అందులో భార్య నెలసరిలో ఉంటే భర్త ఏదీ చేతికి అందించడు. బల్ల మీద పెడితే ఆమె తీసుకోవాలి. "ఈ రోజుల్లో కూడా ఏం మనుషులండి!" అని ఫోన్లో ఎవరితోనో తెగ బాధపడిపోయారు.

నేనప్పుడు బయటున్నాను, నాకూ అవే రోజులు. రాజమండ్రిలో ఫ్లాట్ అయినా మా అత్తగారి మడి మడే. నాకు వెనక గది, చాప. "నువ్వూ చదువు, కళ్ళు తెరుచుకుంటాయి" అంటూ ఆయన వచ్చి, పుస్తకాన్ని గుమ్మం దగ్గర నేల మీద పెట్టి వెనక్కి జరిగారు.

చదివాను. వాళ్ళ దేవుడెవరో నాకు తెలీదు గానీ, ఆ భార్య పళ్ళు కొరికిన చోటల్లా నేనూ కొరికాను. అవగానే లేచి వెళ్ళి, చెయ్యి తగిలేలా పుస్తకం ఆయన అరచేతిలో పెట్టాను.

కళ్ళు తెరుచుకున్న మహానుభావుడు తువ్వాలు పట్టుకుని స్నానానికి పరిగెత్తాడు.