నీడలో తాళం

పత్రికాఫీసులో అందరూ ఆమెను ఎర్రబల్బు అక్క అనేవారు. ఇరవై తొమ్మిదేళ్లు చీకటిగదిలో, ఆ ఎర్రదీపం కింద ఫొటోలు కడిగింది. పత్రిక కంప్యూటర్లకు మారాక, పారేయబోతున్న సామాను అడిగి తెచ్చుకుని ఇంట్లో కొట్టుగదిలో పెట్టుకుంది. రీలు కెమెరా వదలలేని పాత ఫొటోగ్రాఫర్లు నలుగురైదుగురు ఆమె దగ్గరికే వచ్చేవారు. ఎవరైనా ఫోన్లో నలుపు తెలుపు బొమ్మ చూపించి "ఎలా ఉందక్కా?" అంటే, "వెలుగు బాగుంది. ఫొటో ఏదీ?" అనేది.

ఆమె తమ్ముడు బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో వాచ్‌మన్. ఒక మధ్యాహ్నం అక్కడ మంటలు లేచాయి. వెనకతలుపు గుండా పదకొండు మంది బయటపడ్డారు. ముగ్గురు ఆడవాళ్లు లోపలే ఉండిపోయారు. తలుపుకు తాళం వేసి ఉందని, చాలాసేపు తెరుచుకోలేదని బతికినవాళ్లు చెప్పారు. ఆ తలుపు ఎప్పుడూ తీసే ఉంటుందని మేనేజరు చెప్పాడు. తమ్ముడు కూడా మేనేజరు మాటే చెప్పాడు.

విచారణ రోజు ఆమె మరదలి పక్కన కూర్చుంది. మంటలు లేచిన సమయంలో ఎదురువీధి నుంచి ఒక ముసలి ఫొటోగ్రాఫర్ తీసిన బొమ్మను పెద్ద తెర మీద వేశారు. పొగ, ఇనుప మెట్లు, మెట్ల కింద వంగిన ఒక మనిషి భుజం కనబడ్డాయి. తలుపు ఉండాల్సిన చోట తారు పూసినట్టు నలుపు. ఆ భుజం తనదేనని తమ్ముడు ఒప్పుకున్నాడు. తీసి ఉన్న తలుపు దగ్గర నిలబడి జనాన్ని కేకేస్తున్నానన్నాడు. గుమాస్తా తెర వెలుగు పెంచాడు. నలుపు కాస్తా బూడిదరంగు మడ్డిగా మారింది తప్ప ఏమీ తేలలేదు.

"ఇందులో ఏమీ లేదు," అన్నాడు అధికారి.

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. గదిలో అందరూ తెర వైపు చూస్తుంటే తమ్ముడు ఒక్కడే నేల చూస్తున్నాడు. అది ఆమె కంటపడింది.

ఫొటోగ్రాఫర్ లేచాడు. "అయ్యా, ఇది చిన్న ఫైలు. అందులో లేనిది తెర ఎక్కణ్నుంచి తెస్తుంది? నెగెటివ్ నా దగ్గరుంది. కాగితం మీద వేయించి తెస్తాను." ఎల్లుండి పదకొండింటికల్లా తెమ్మన్నాడు అధికారి.

మర్నాడు పొద్దున్నే ఆయన ఆమె గుమ్మంలో నిలబడ్డాడు.

"మాస్టారూ, అందులో ఉన్నది నా తమ్ముడు."

"తెలుసమ్మా. అడగటానికి నోరు రావటం లేదు. కానీ ఇంత పలచటి నెగెటివ్ నుంచి నీడను లాగగలిగేది నువ్వొక్కదానివే."

ఆమె నెగెటివ్‌ను కిటికీకి ఎదురుగా పట్టి భూతద్దంలో చూసింది. తలుపు ఉన్నచోట ఫిల్ము దాదాపు గాజులా ఉంది. దాదాపు. వెంట్రుకంత గీత ఒకటి కనబడింది.

"మీరు నా పక్కనే నిలబడాలి. నేను ఒంటరిగా వెయ్యను," అంది.

ఆయన లోపలికి వెళ్లాడో లేదో తమ్ముడు రొప్పుతూ వచ్చాడు.

"అక్కా, నీకు దండం పెడతాను. వెయ్యకు. పాడైపోయిందని చెప్పు."

"అందులో ఏముందిరా?"

"నాకేం తెలుసు?"

"తెలియనివాడివి పరుగెత్తుకుంటూ ఎందుకొచ్చావు?"

వాడు గోడకు ఆనుకున్నాడు. "నన్ను లోపలేస్తారక్కా. ఇద్దరు పిల్లలు."

"ముగ్గురు పోయార్రా," అంది ఆమె. తర్వాత గొంతు తగ్గించి, "రా, నువ్వూ చూడు," అంది. వాడు రాలేదు. మెట్టు మీద కూలబడ్డాడు.

ప్యాకెట్టులో అయిదు కాగితాలే మిగిలాయి. మొదటిదాంట్లో తెర మీద చూసిన నలుపే వచ్చింది. రెండోదాంట్లో తలుపు తేలింది కానీ పొగ పాలిపోయింది. మూడోసారి, తలుపు ఉన్నచోటు మరీ నల్లబడకుండా, తీగకు గుచ్చిన చిన్న అట్టముక్కను దీపం కింద, సరిగ్గా ఆ నీడ మీద పదకొండు సెకన్లు ఆడించింది. కాగితాన్ని మందునీళ్ల పళ్లెంలో వేసి మెల్లగా ఊపింది. ముందు గోడ వచ్చింది. తర్వాత మెట్లు, భుజం. ఆ తర్వాత, ఎంతకూ రాదనుకున్న చోట, గొలుసు. గొలుసుకు తాళం.

తెల్లదీపం స్విచ్చు మూరెడు దూరంలో ఉంది. ఒక్కసారి నొక్కితే కాగితమంతా నల్లబడుతుంది. తన చెయ్యి అటు కదల్లేదని ఆమె తర్వాత ఎన్నడూ, ఎవరితోనూ అనలేదు.

"తాళం వేసే ఉందమ్మా," అన్నాడు ఫొటోగ్రాఫర్.

"కిందికి చూడండి మాస్టారూ. చెయ్యి కూడా ఉంది. చేతిలో తాళంచెవి ఉంది."

విచారణలో ఆ కాగితం చేతులు మారింది. అధికారి దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఏటవాలుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. మేనేజరు తరఫు లాయరు లేచాడు. "చీకటిగదిలో ఏమైనా సృష్టించవచ్చు!"

"ఆ మనిషి నా సొంత తమ్ముడు బాబూ," అంది ఆమె. "దొంగపనే చేసేదాన్నయితే తాళం మాయం చేద్దును గానీ, తెచ్చి పెడతానా? నెగెటివ్ ఇదిగో. ఇంకెవరి చేతైనా వేయించుకోండి."

అప్పుడు వెనకవరసలోంచి తమ్ముడు లేచి నిలబడ్డాడు. "తాళం వెయ్యమన్నది మేనేజరుగారు. వేసింది నేను," అన్నాడు.

తర్వాత కోర్టులో మేనేజరుకు ఆరేళ్ల జైలు పడింది. తాళం తీయడానికి తిరిగొచ్చాడు గనక తమ్ముడికి పద్నాలుగు నెలలతో సరిపెట్టారు. ఆ పద్నాలుగు నెలలూ మరదలు ఆమె గడప తొక్కలేదు. పిల్లల్ని మాత్రం ఆదివారాలు పంపేది. ఆమెకు అదే పదివేలు.

విడుదలయిన వారానికి తమ్ముడు ఒక్కడే వచ్చాడు. "అక్కా, ఆ ఫొటో నేనింతవరకు చూడలేదు," అన్నాడు. ఆమె నాలుగో కాగితం మీద వేసి దాచిన ప్రతి తీసిచ్చింది. వాడు దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఆ చెయ్యి మీద వేలు ఆనించాడు.

"గుత్తిలో తొమ్మిది తాళంచెవులున్నాయక్కా. ఒక్కొక్కటే పెట్టి చూస్తున్నాను. ఇది మూడోది. ఇది కాదు," అన్నాడు.

ఆమె వచ్చి వాడి పక్కన నేల మీద కూర్చుంది.