ఎండిన బోరుకు కట్టిన ఎర్త్ తీగ

నా వాల్వు రేడియో బరువు ముప్పై కిలోలకు తక్కువ ఉండదు. పాటలకోసమో వార్తలకోసమో తెచ్చుకున్నది కాదు. హ్యాములని ఉంటారు. సొంత ఖర్చుతో, సొంత సరదాకు ఇంట్లోనే వైర్‌లెస్ నడుపుకునేవాళ్లు. వాళ్లు షార్ట్‌వేవ్ మీద మాట్లాడుకునే మాటలు, కొట్టుకునే మోర్స్ వినడానికి తెచ్చుకున్నాను. వనపర్తిలో ఉండే ఒక పెద్దాయన, ఫౌజులో వైర్‌లెస్ పనిచేసి రిటైరైనవాడు, చూపు మందగించాక దాన్ని నాకు ఇచ్చేశాడు. నాగర్‌కర్నూల్‌లో బస్సు మారేటప్పుడు కండక్టర్ దాన్ని ఎత్తబోయి వదిలేసి, "ఏంది సారూ, దీంట్ల రాళ్లు పెట్టినవా?" అన్నాడు. రేడియో అంటే నమ్మలేదు. లగేజీ టికెట్ మాత్రం కొట్టాడు.

అప్పుడు నేను తెలకపల్లి దగ్గర ఒక ఊళ్లో సైన్సు టీచర్ని. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లు అయి ఉంటుంది. ఊరి చివర అద్దె ఇల్లు, ఒంటరి కాపురం. స్విచ్చి వేశాక ఆ రేడియో వేడెక్కడానికి రెండు నిమిషాలు పట్టేది. మోటార్లు నడిచే వేళైతే వోల్టేజీ చాలక అసలు లేచేదే కాదు. పెద్దాయన ఒక మాట గట్టిగా చెప్పి పంపాడు. "ఎర్త్ మంచిగుండాలె. ఎర్త్ లేకుంటే అది రేడియో గాదు, పెట్టె." మా ఇంటి వెనక ఎండిపోయిన బోరు ఒకటుంది. దాని ఇనుప పైపు భూమిలోకి ఎంతో లోతు దిగి ఉంటుంది. అంతకన్నా మంచి ఎర్త్ నాకు ఎక్కడ దొరుకుతుంది? రాగితీగ తెచ్చి దానికి బిగించాను.

ఆ బోరు అవతల పొలాన్ని ఒక జంట కౌలుకు చేసేవాళ్లు. ఎండాకాలం రాగానే కూరగాయల మడికి కాపలాగా పొలంలోని రేకుల షెడ్డులోకి మారారు. రేకుల కింద ఉడికిపోతుంటే ఒక ఫ్యాన్ పెట్టుకున్నారు. పొలం లైన్లో కరెంటు తిరిగిపోయే న్యూట్రల్ తీగ లేదు. ఫ్యాన్‌కు ఒక తీగ లైను నుంచి తీసుకుని, రెండోది మన బోరు పైపుకే చుట్టారు. మా వైపు ఇది అందరికీ తెలిసిన పద్ధతి. పైపు మొదట్లో గుంత తీసి బొగ్గు, ఉప్పు వేస్తారు. నేల ఎండి ఫ్యాన్ మెల్లబడితే గుంతలో ఒక బిందె నీళ్లు పోస్తారు. ఫ్యాన్ మళ్లీ అందుకుంటుంది.

అది తప్పుడు పద్ధతని నాకు తెలుసు. చెప్పలేదు. నా ఇల్లు కాదు, నా ఫ్యాన్ కాదు. ఎవరి తంటా వాళ్లది అనుకునే రకం మనిషిని నేను.

తంటా నా దాకా రావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. రేడియోలో గుంయ్‌మని ఒకటే మోత. హ్యాములు ఒకరినొకరు పలకరించుకునే పొద్దుటి వేళకు అది మొదలయ్యేది. నేను రాయబోయే హ్యాము లైసెన్సు పరీక్షకు నెలరోజులు కూడా లేవు. మోర్స్ చెవికి పట్టాలంటే రోజూ వినాలి, ఆ మోతలో చుక్కేదో గీతేదో తెలిసేది కాదు. ఒళ్లు మండిపోయేది. నాలుగు రోజులు గమనించి ఒక సంగతి కనిపెట్టాను. ఆ కౌలు రైతు భార్య గుంతలో నీళ్లు పోయగానే మోత సగానికి సగం తగ్గుతోంది. ఎంత తెలివైనవాణ్నో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

తిన్నగా ఆమె దగ్గరికి పోయాను. "అక్కా, ఒక్క బిందె ఏం సరిపోతది? పొద్దున్నే మూడు బిందెలు పొయ్యి. ఫ్యాన్ మంచిగ తిరుగుతది" అన్నాను.

"గట్లనా సారూ! నువ్వు చెప్పినవంటే సరే" అంది ఆమె.

సారు చెప్పాడు కాబట్టి మూడు బిందెలు పోసింది. వారం రోజులు నాకు రేడియో హాయిగా వినిపించింది. అప్పుడప్పుడు పెట్టె ఇనుప ఒంటిమీద చెయ్యి పడితే చురుక్కుమనేది. పాత సరుకు, ఇవన్నీ మామూలే అనుకుని రబ్బరు చెప్పులు వేసుకుని కూర్చునేవాణ్ని. పైపులోనే కరెంటు నిలుస్తోందని తట్టలేదు. తట్టలేదో, తట్టనివ్వలేదో ఇప్పుడు చెప్పలేను.

ఒక ఆదివారం పొద్దున రేడియో వెనక ఎర్త్ తీగ ఊడింది. ప్లగ్గు తీసేసి, తీగ మళ్లీ బిగిద్దామని దాని కొన పట్టుకుంటే వేళ్లు చురుక్కుమన్నాయి. ప్లగ్గు నేలమీదే ఉంది, కరెంటు ఎక్కడిది? టెస్టర్ పెట్టి చూశాను. ఎర్రగా వెలిగింది. తల ఎత్తితే కిటికీలోంచి ఆమె కనిపించింది. నడుం మీద బిందె, ఒట్టి కాళ్లు, నేరుగా గుంత వైపు నడుస్తోంది.

"ఆగక్కా! ఆడనే ఆగు! పైపు కాడికి పోకు, కరెంటుంది!"

అంత గట్టిగా నేను బడిలో కూడా అరవలేదు. ఆమె ఆగిపోయింది. గుంతకు నాలుగడుగుల దూరం ఉందేమో. నేను పరుగెత్తి షెడ్డులో ఫ్యాన్ స్విచ్చి ఆపేసి, లైను నుంచి వచ్చే తీగను కర్రతో లాగేశాను. బయటికి వచ్చేసరికి ఆమె బిందె కింద పెట్టి తన పాదాలు చూసుకుంటోంది.

"గందుకేనా సారూ," అంది. "వారం దినాల సంది నీళ్లు పోస్తుంటే కాళ్లు జివ్వుమంటున్నయి. నీరసమనుకున్న. మందుల షాపుల అడిగి బలానికి గోలీలు గూడ తెచ్చుకున్న."

వారం దినాలు. అక్కడే గట్టుమీద కూర్చుండిపోయాను. ఆమె మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

ఆ సాయంత్రమే ఆమె భర్తా నేనూ కలిసి మా ఇంటి మీటరు నుంచి షెడ్డుకు రెండు తీగలు లాగాం. నా ఎర్త్‌కు వేరే గుంత తవ్వుకున్నాను. ఊళ్లో కథ మాత్రం ఇంకోలా పాకింది. సారు రేడియోలో విని మనిషిని కాపాడాడని చెప్పుకున్నారు. హోటల్ దగ్గర ఎవరూ నన్ను టీ డబ్బులు ఇవ్వనివ్వలేదు. నేను ఎవరినీ దిద్దలేదు. పరీక్ష కూడా పాసయ్యాను.

వానలు పడ్డాక ఆమె ఒక పొద్దున సంచి నిండా బెండకాయలు తెచ్చింది. గడపలో కూర్చుని, ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది.

"అవ్ గాని సారూ, మూడు బిందెలు పొయ్యుమని ఎందుకన్నవు అప్పుడు?"

నిజం నాలుక చివరి దాకా వచ్చింది. "ఫ్యాన్ కోసమే అక్కా. ఉక్కపోతల ఉన్నరని" అన్నాను.

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "మా గురించి గంత ఆలోచన జేసినోడు ఈ ఊర్ల ఇంకొకడు లేడు" అంది. ఆ బెండకాయలు నేను వండుకోలేకపోయాను.