జాంబీలకు మిగలని పులిహోర

ఆ రోజుల్లో మాకు భయమంటే ఏమిటో తెలియదు గానీ, జనాన్ని భయపెట్టగలమన్న నమ్మకం మాత్రం దండిగా ఉండేది. డిగ్రీ అయిపోయి ఉద్యోగం రాని ఆ ఏడాది నేనూ, నా ముగ్గురు స్నేహితులూ సెల్‌ఫోన్‌తో ఒక జాంబీల సినిమా తీసి యూట్యూబ్‌లో పెట్టాం. చూసినవాళ్ళలో సగం మంది మా చుట్టాలే (మిగతా సగం వాళ్ళ చుట్టాలు). ఆ విజయంతో రెండో భాగం మొదలెట్టాం. లోకం అంతమయ్యాక బతికి బయటపడ్డ నలుగురు తిండి దాచుకుని, మిగతావాళ్ళని జాంబీలకు వదిలేస్తారు. జాంబీ కన్నా మనిషే క్రూరుడు. ఇదీ కథ. దర్శకుణ్ణీ, ఆ నలుగురి నాయకుణ్ణీ నేనే.

ఆగిరిపల్లి దగ్గర మా బాబాయి కౌలుకు తీసుకున్న మామిడితోటలో షూటింగ్. కోతలైపోయాయి కనుక తోటలో పనిచేసే ఆరుగురు ఆడవాళ్ళు సరదాగా జాంబీలవడానికి ఒప్పుకున్నారు. వాళ్ళలో పెద్దావిడని అందరూ పెద్దక్క అనేవాళ్ళు. ముఖాలకు బియ్యప్పిండి, కళ్ళకింద బొగ్గు, మూతికి కుంకుమ నీళ్ళు పూసి, పొద్దుటినుంచీ ఎండలో కాళ్ళీడ్పించాను. చచ్చినవాళ్ళకి దాహం వేయదా అని పెద్దక్క ఒకసారి అడిగితే, కథ ప్రకారం వేయదన్నాను.

మధ్యాహ్నం పిన్ని అందరికీ కలిపి పెద్ద గిన్నెడు పులిహోర పంపింది. తింటే మూతిరంగు పోతుందని, జాంబీలు ఇంకొక్క షాటయ్యాక తినాలని ఆజ్ఞాపించి, వాళ్ళ నడక తీస్తూ నిలబడ్డాను. అది అయ్యేసరికి చెట్టుకింద కూర్చున్న నా స్నేహితులు గిన్నె ఖాళీ చేసి, అడుగున కరివేపాకు మిగిల్చారు (ఒకడు వేళ్ళు నాకుతూ, రెండో భాగం బాగా వస్తోందిరా అన్నాడు).

ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గిన్నెలోకి తొంగిచూసి వెళ్ళారు. దానికే నాకు భయమేసింది. కొంగులతో మొహాలు తుడుచుకుని, అలవాటుగా వెంట తెచ్చుకున్న క్యారేజీలు విప్పుకున్నారు. తినేసి వెళ్ళిపోతారేమో, సినిమా ఆగిపోతుందేమో అనుకుంటూ నేను ఫోన్‌లో ఏదో చూస్తున్నట్టు నటించాను. కాసేపటికి పెద్దక్క పిలిచింది.

"బాబూ, మీరూ తినలేదు కదా. రండి."

"వద్దులే అక్కా. తప్పు నాదే."

"తప్పు మీదేనండి. ముందు తినండి, తర్వాత తిడతాను."

క్యారేజీ మూతలో పప్పన్నం, కొత్తావకాయ పెట్టింది. తిన్నాక అన్నట్టుగానే తిట్టింది. మా అమ్మ కూడా నన్ను అంత శ్రద్ధగా తిట్టలేదు. ఆ తర్వాత ఆరుగురూ మళ్ళీ పిండి పూసుకుని లేచారు గానీ, నా మొహం చూస్తే చాలు, నవ్వాపుకోలేకపోయారు. అందుకే మా రెండో భాగంలో క్రూరనాయకుడు గింజల మూట పట్టుకుని గర్జిస్తుంటే, చుట్టుముట్టిన జాంబీలు పడిపడి నవ్వుతుంటారు. అలాగే ఉంచేశాం.

ఇప్పుడు బాపులపాడులో పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. ఈమధ్య ట్యూషన్‌కొచ్చే ఒక పిల్ల ఆ వీడియో ఎక్కణ్ణుంచి తవ్వి తీసిందో, ఇందులో అరుస్తున్న బక్కాయన మీరేనా సార్ అని అడిగింది. ఎవరో నాకు తెలియదన్నాను. పిల్లలంతా వెళ్ళాక తలుపు దగ్గరగా వేసుకుని, ఆ బక్కాయన్ని రెండుసార్లు చూశాను.