తహసీల్దారు కోసం కొన్న కుర్చీ

రాలేమని మోకాళ్లు రెండూ మొత్తుకుంటున్నా మా మనవడు వినలేదు. కామారెడ్డి మ్యూజియంలో మా మరిది జీవితం మీద, రచనల మీద ప్రదర్శన పెట్టారు, ఇంటి మనిషివి నువ్వే రాకపోతే ఎట్లా అని జీపులో కూర్చోబెట్టి తీసుకుపోయాడు. మా మరిది అంటే మా ఇంటాయనకు తోడబుట్టిన తమ్ముడు. ఒకప్పుడు ఊరికి పటేలు చిన్నకొడుకు, నాకు వంటింట్లో కాళ్లకు అడ్డం పడే పిల్లవాడు, ఇప్పుడు అందరికీ పెద్ద రచయిత. మ్యూజియం మెట్లెక్కేసరికే నా పని అయిపోయింది. గోడల నిండా ఫొటోలు, పుస్తకాల అట్టలు, సన్మానాల శాలువాలు. గాజు పెట్టెలో ఆయన కళ్లజోడు, ఫౌంటెన్ పెన్ను, పిడి విరిగిన గొడుగు. ఆ గొడుగు ఆయనది కాదనే నా అనుమానం. ఏ గొడుగునూ ఒక వానకు మించి దగ్గర ఉంచుకున్న మనిషి కాదు. చివరి గదిలో, ఎత్తుగా కట్టిన చెక్క వేదిక మీద, చుట్టూ ఎర్రతాడు కట్టి, మా ఇంటి కుర్చీ కనబడింది. "రచయిత ఈ కుర్చీలో కూర్చునే తన తొలినాటి కథలన్నీ రాశారు" అని పక్కనే అందమైన అక్షరాలతో పలక. మ్యూజియం వాళ్లు ఇంటికి వచ్చి ఆయన వాడిన వస్తువులేమైనా ఉంటే ఇవ్వమని అడిగితే, మా మనవడు ఇల్లంతా వెతికి, రచయితకు తగినట్టు కనిపించిన వస్తువు అదొక్కటే అని ఇచ్చేశాడట. వాడి తప్పేం లేదు. వాడు పుట్టేనాటికి ఆ కుర్చీ కథ తెలిసినవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే, నాకేమో చెప్పే ఓపిక లేకపోయింది.

నేను కాపురానికి వచ్చేనాటికే ఆ కుర్చీ ఇంట్లో ఉంది. మా ఊరు ఎల్లారెడ్డి తాలూకాలో లింగంపేట దగ్గర. నిజాం సర్కారు రోజులు. మా మామ ఊరికి మాలీపటేలు, అంటే శిస్తు వసూలు చేసి సర్కారుకు అప్పజెప్పే మనిషి. ఎల్లారెడ్డి నుంచి తహసీల్దారు ఊళ్లు చూసుకుంటూ దౌరాకు వస్తే దిగేది పటేలు ఇంట్లోనే. ఆయన మంచం మీద కూర్చోడు కదా, అందుకని మా మామ కామారెడ్డి పోయి టేకు కుర్చీ కొన్నాడు. చేతులు వంపు తిరిగి, కూర్చునేచోట పేము అల్లిక ఉండేది. దాన్ని వరిగడ్డిలో చుట్టి, బండిలో పెట్టి, బండి పక్కన తాను నడిచి తెచ్చాడట. మా అత్త ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఒక్క మాటతోనే ముగించేది. "నన్ను దెచ్చిననాడు గూడ గింత పైలంగ తేలే బిడ్డా."

ఇంట్లో ఎవరూ అందులో కూర్చోరు. కూర్చోవద్దని ఎవరూ చెప్పనూ లేదు. మామ నులకమంచం మీద, వచ్చినవాళ్లు అరుగు మీద, ఆడవాళ్లం లోపల పీటల మీద. కుర్చీ మాత్రం ముందరి అర్రలో తెల్ల దుప్పటి కప్పుకుని ఉండేది. అత్త పొద్దున్నే దేవుడి గూడు తుడిచి, అదే చేత్తో దాన్ని తుడిచేది. దసరాకు నాగలికీ గొడ్డలికీ బొట్టు పెట్టినట్టే దానికీ పసుపూ కుంకుమా పెట్టేది. ఒకసారి ఒక కోడిపెట్ట ఎక్కి తీరుబడిగా కూర్చుంది. ఆ పూటే అది కూరైపోయింది. తింటున్నంతసేపూ మా మరిది "పాపం, తహసీల్దారు కావాలని దీనికెంత ఆశ ఉండెనో" అంటూనే ఉన్నాడు. మామకు నవ్వు రాలేదు. చిన్నకొడుకును కామారెడ్డిలో పెట్టి ఉర్దూ చదువు చదివించింది, ఏదో ఒక సర్కారు కచేరీలో కొలువు దొరికి, వాడూ అట్లాంటి కుర్చీలో కూర్చుంటాడని.

చిన్నకొడుకు మాత్రం చదువు ముగించి వచ్చి తెలుగులో కథలు రాయడం మొదలుపెట్టాడు. రాసేది ఎక్కడనుకున్నారు? పశువుల కొట్టంలో. గడ్డి మీద బోర్లా పడుకుని, ఎదుట చాట బోర్లించి, దాని మీద కాగితం పెట్టుకుని రాసేవాడు. బియ్యం చెరగబోతే చాట ఉండేది కాదు. అత్త అరుస్తూ కొట్టానికి పోయేది. రాసింది వంటింట్లోకి తెచ్చి నాకు చదివి వినిపించేవాడు. పొయ్యి ఊదుకుంటూ నేను వినేదాన్ని. ఓసారి ఒక ముసలమ్మ కథ చదివితే, "గామె గంత జల్ది సచ్చుడేంది? జర అన్నమన్న తిననియ్యి" అన్నాను. మరునాటికి ఆ ముసలమ్మ బతికి, కడుపునిండా తిని, ఆ తరువాతే పోయింది. ఆ కథ ఇప్పుడు పిల్లల పాఠంలో ఉందని మా మనవడు చెప్పాడు.

ఇక ఆ రోజు. వానాకాలం చివర. తహసీల్దారు వస్తున్నాడని కబురు. నెయ్యి, కోళ్లు, గుర్రానికి గడ్డి, అన్నీ సిద్ధం. దుప్పటి తీసి కుర్చీని చూరు కింద అరుగు మీద వేశారు. ఇంతలో కుండపోత వాన. వాగు పొంగింది, దొర రావడం లేదని జవాను వచ్చి చెప్పిపోయాడు. ఇంట్లో అడుగు పెట్టే చోటు లేదు, తడవకుండా మక్కకంకులన్నీ తెచ్చి అర్రల నిండా పోసి ఉన్నాం. కొట్టం కారుతోంది. వాన తెరిపిచ్చాక మా మరిది కాగితాలు పట్టుకుని ఇల్లంతా తిరిగి తిరిగి, పొడిగా మిగిలినది ఆ కుర్చీ ఒక్కటే అని అందులో కూర్చున్నాడు. ఒళ్లో చాట బోర్లించుకుని రాయసాగాడు. నేను గడపలో కూర్చుని కంకులు ఒలుస్తూ చూస్తూనే ఉన్నాను. రానన్న దొర వాగు తగ్గగానే గుర్రం మీద వచ్చేశాడు. వెనక మా మామ, చేతులు కట్టుకుని, బురదలో. అందరూ అరుగు ముందుకు వచ్చి నిలబడ్డారు. మా మరిది తలెత్తాడు. ఎడమచెయ్యి కాస్త పైకెత్తి, "జర ఆగుండ్రి దొరా, గీ ఒక్క మాట రాసి లేస్త" అన్నాడు.

నిజంగానే ఆ మాట రాసి లేచాడు. భుజం మీది తువ్వాలతో కుర్చీ శుభ్రంగా తుడిచి, కూర్చోమని చెయ్యి చూపించాడు. అందులో వెటకారం లేదు. రాసేటప్పుడు ఆయన లోకమే వేరు, ఎదురుగా నిజాం వచ్చి నిలబడినా అదే మాట అనేవాడు. తహసీల్దారు కూర్చోలేదు. వెనక్కి తిరిగి పట్వారీ ఇంటికి పోయి, అక్కడే భోజనం చేసి, ఎల్లారెడ్డి వెళ్లిపోయాడు. వండిన కోళ్లన్నీ అట్లాగే ఉండిపోయాయి. మా మామ ముఖంలో నెత్తురు చుక్క లేదు. తాతల నాటి పటేలుగిరి ఊడిపోతుందని భయం.

"పొయ్యి కచేరీల మాఫీ అడుగు" అన్నాడు కొడుకుతో.

"కూసున్నందుకు మాఫీ అడుగుడేంది బాపు? కుర్సీ చేసిందే కూసునెతందుకాయె."

"గట్లనా? అయితే గా కుర్సీ ఉన్న ఇంట్ల నువ్వుండకు."

ఒక్క పూటలో అయిపోయింది. మా మరిది బట్టలూ కాగితాలూ మూట కట్టుకుని, లింగంపేటకు పోయే బండి ఎక్కి కామారెడ్డి చేరాడు. బెల్లం మండిలో ఒక సేటు దగ్గర లెక్కలు రాసే పని దొరికింది. మాఫీ అడిగేదాకా గడప తొక్కనివ్వనని తండ్రి, బాపు తానై పిలిచేదాకా రానని కొడుకు. ఇద్దరిదీ ఒకటే మొండితనం, ముక్కులు కూడా ఒక్కతీరే. నడుమ నలిగింది మా అత్త. మధ్యాహ్నం అందరికీ వడ్డించాక ఒక కంచం ఎక్కువ తీసి, చూసి, మళ్లీ బోర్లించేది. ఆ తహసీల్దారుకు ఏడాది తిరక్కుండానే బదిలీ అయింది. తరువాత వచ్చినాయనకు ఈ సంగతే తెలియదు, వచ్చి కుర్చీలో కూర్చుని, నెయ్యి బాగుందని మెచ్చుకుని పోయాడు. పటేలుగిరికి ఏమీ కాలేదు. అయినా కొడుకును పిలవమని మామను అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది. మా ఇంటాయన పంటలమ్మేందుకు కామారెడ్డి పోయినప్పుడల్లా తమ్ముణ్ని చూసి వచ్చి, తండ్రి వినకుండా తల్లికి చెప్పేవాడు. మా మరిది కథలు అచ్చయి పేరు వస్తోందని విని అత్త అడిగేది ఒకటే: "తిండి మంచిగ తింటుండా?"

అట్లా యుద్ధం వచ్చింది, కిరసనాయిలు దొరకని రోజులు వచ్చాయి, అత్తకు ఉబ్బసం వచ్చింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. కొడుకు ఇంట్లో కూర్చుని తినడం ఆమె ఇక కళ్లారా చూడదని నాకనిపించేది, ఆమెకూ అనిపించి ఉంటుంది. ఆ ఏడు దసరానాడు నాగలికి బొట్టు పెట్టింది, గొడ్డలికి పెట్టింది. పళ్లెం పట్టుకుని కుర్చీ ముందుకు వచ్చి నిలబడింది. మామ మంచం మీద ఉన్నాడు. అత్త కుర్చీ వైపు చాలాసేపు చూసి, పళ్లెం కింద పెట్టి, దుప్పటి లాగి పక్కన పడేసి, కూర్చుంది. మామ ముందు మంచం అంచున కూడా ఎన్నడూ కూర్చోని మనిషి.

"ఇగో, నేను గూడ కూసున్న" అంది ఆయాసపడుతూ. "ఇగ నన్ను గూడ ఎల్లగొట్టు. పోరడు ఏడున్నడో గాడికే పోత."

మామ తల ఎత్తలేదు. మా ఇంటాయనతో, "బండి గట్టు" అన్నాడు. అంతే.

నేనూ వెంట పోయాను. తాడ్వాయి దాటి కామారెడ్డి చేరేసరికి తెల్లవారి ఎండెక్కింది. బెల్లం వాసన, ఈగలు. మండి వెనక చీకటి గదిలో మా మరిది నేల మీద బోర్లా పడుకుని రాస్తున్నాడు. ఎదుట బోర్లించి ఉన్నది మా ఇంటి చాట! పోతూ పోతూ అది కూడా పట్టుకుపోయాడన్నమాట. మమ్మల్ని చూసి లేచి కూర్చుని, "బాపు పిలిచిండా?" అన్నాడు. మా ఇంటాయన అబద్ధం చెప్పలేడు, నిజం చెప్పే తెలివీ లేదు. నేనే అన్నాను, "అత్త కుర్సీల కూసుంది" అని. కలం కింద పెట్టాడు. "అవ్వ కూసుందా? బాపు ముంగట్నా?" అని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చాడు. ఆ తరువాత ఇంకేమీ అడగకుండా చెప్పులు వేసుకున్నాడు.

మేము తిరిగి వచ్చేదాకా అత్త ఆ కుర్చీ వదల్లేదట. నీళ్లూ గంజీ అందులోనే, కునుకూ అందులోనే. బండి దిగగానే మామ ఎదురొచ్చి, కొడుకు ముఖం చూడకుండా చెంబు అందించి, "కాళ్లు కడుక్కో. అన్నమైంది" అన్నాడు. మాఫీ మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. కొడుకును చూసి అత్త చేతులానించి లేవబోయింది. "నువ్వు కూసో బిడ్డా" అంది. "నువ్వే కూసో అవ్వా. నీకే మంచిగున్నది" అని మా మరిది ఆ కుర్చీ కాలికి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. నేను వడ్డించాను. అత్త చూస్తూ కూర్చుంది. ఆయన మళ్లీ మళ్లీ వేయించుకుని తిన్నాడు, అంత ఆకలి లేదని నాకు తెలుసు.

పండుగ వెళ్లాక కామారెడ్డి పోయాడు గానీ, అప్పటి నుంచి వస్తూ పోతూ ఉన్నాడు. మరుసటి వానలు పడకముందే అత్త పోయింది. మామ కుర్చీకి మళ్లీ దుప్పటి కప్పాడు. రోజూ తుడిచే పని నాకు వచ్చింది. దొరలు రావడం మానేశాక కూడా తుడిచాను, మామ పోయాక తుడిచాను, మా ఇంటాయన పోయాక కూడా తుడిచాను. ఒక్కనాడూ కూర్చోలేదు. భయమేం లేదు. కూర్చోవచ్చునని తోచనే లేదు.

అందుకే ఆ పలక చదివి నవ్వొచ్చింది. మా మరిది అందులో రాసింది అరకాగితం. నిండుగా కూర్చున్నది మా అత్త. ఆమె ఫొటో ఆ ప్రదర్శనలో ఎక్కడా లేదు, అసలు ఆమెకు ఫొటోనే లేదు. మా మనవడికి చెబితే, "గట్లనా అవ్వా! సార్లకు చెప్పి మార్పిస్త" అన్నాడు. మార్పించనీ. నాకు అప్పటికి మోకాళ్లు నిలవనివ్వడం లేదు. ఆ గదిలో ఇంకెక్కడా కూర్చునే చోటు లేదు. ఎదురుగా మా ఇంటి కుర్చీ. ఇన్నేళ్లు తుడిచినదాన్ని, ఒక్క క్షణం కూర్చుంటే ఏమవుతుందిలే అని ఎర్రతాడు మీద చెయ్యి వేశాను. కాపలా మనిషి పరుగెత్తుకొచ్చాడు.

"అవ్వా, అండ్ల కూసోవద్దు. పెద్ద సార్లు జూస్తే నా నౌకరి పోతది."

వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. చెయ్యి వెనక్కి తీసుకుని, మనవడి భుజం పట్టుకుని గుమ్మందాకా నడిచాను. నిజాం పోయాడు, తహసీల్దారు పోయాడు, కుర్చీ కొన్నవాడూ, రాసినవాడూ, కూర్చున్నదీ పోయారు. ఇంత కాలం గడిచినా, ఎవరో పెద్దమనిషి వస్తాడని ఆ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది.